లెక్క అడిగితే అనుమానించినట్టా? నమ్మకమైన మనిషికి కోపం ఎందుకు రావాలె?

మడికొండ_తమ్ముడు:
అందరికి వందనాలు. మా చర్చి సంఘం పేరు చెప్పను, కాజీపేట చుట్టుపక్కల అనుకోండ్రి. మందిరం పక్కన చిన్న హాలు కడుతున్నం, పిల్లర్లు లేసినయి, స్లాబ్ పడాలె. మా ట్రెజరర్ ఒక పెద్దాయన, అందరం కాక అంటం. ఆజంజాహి మిల్లుల పనిచేసి మిల్లు మూతపడ్డంక కిరాణం పెట్టుకున్నడు. మనిషి బంగారం, ఇందుల డౌటే లేదు, ఎవరన్న పది రూపాయలు ఎక్కువిచ్చి పోతే వాళ్లింటిదాక పోయి ఇచ్చొచ్చే రకం. నాకు తెలివొచ్చినప్పటి సంది ఆయనే ట్రెజరర్. కానుక పెట్టె తాళం ఆయన కాడనే, లెక్కబెట్టేది ఆయనే, బుక్కుల రాసేది ఆయనే, సిమెంటు సలాక కొనేది ఆయనే. ఇప్పుడు హాలు చందాలు సుత ఆయన సొంత నంబరుకే ఫోన్‌పే కొడుతున్నరు.

మొన్న కమిటీ మీటింగుల మేం ముగ్గురం యూత్ పోరగాళ్లం కలిసి, కాకా ఇప్పటిదాక ఎంతొచ్చింది ఎంత ఖర్చయింది ఒక బోర్డు మీద రాసి పెడితే బాగుంటది, బిల్లులన్ని ఒక ఫైల్ చేద్దాం అన్నం. అంతే అన్న. ఆయన మొఖం ఎర్రగైంది, నన్నే లెక్కడుగుతున్నర్రా, మీరు పుట్టకముందు సంది ఈ సంఘం పైసకు కావలున్న అనుకుంట జేబులకెల్లి తాళంచెవి తీసి టేబుల్ మీద ఎత్తేసి లేసిపోయిండు. ఆ ఆదివారం ఆరాధనకు రాలే. పాస్టర్ అయ్యగారేమో పోయి కాళ్లు పట్టుకోండ్రి అంటున్నడు. నేను అడిగేది ఒక్కటే, తినని మనిషికి లెక్కడిగితే గంత కోపం ఎందుకు? అది నమ్మకత్వమా గర్వమా?

హన్మకొండ_అక్క:
తమ్ముడూ, మీటింగుల పదిమంది ముందట అడిగే ముందు ఇంటికి పోయి ఒకమాట చెప్పిర్రా? మత్తయి 18:15ల తప్పు చేసినోన్నే ముందుగాల ఒంటరిగ కలువుమంటడు ప్రభువు. ఏ తప్పు చెయ్యని పెద్దమనిషికి డైరెక్టు మీటింగులనా?

మడికొండ_తమ్ముడు:
అక్కా కమిటీ మీటింగు పెట్టుకునేదే లెక్కలకోసం కదా, మరి అక్కడ కాక ఇంకెక్కడ అడగాలె, ఛాయ్ హోటల్ల అడిగితే అది ఇంకా తప్పంటరు.

పెద్దోళ్ల_పక్షం:
ఈ కాలం పోరగాళ్లకు గూగుల్ షీటు ఒక్కటొస్తె చాలు అందరు దొంగలే అనిపిస్తరు. వాక్యం చదువుండ్రి జర. 2 రాజులు 12:15, యోవాషు రాజు కాలంల మందిరం రిపేరుకు పైసలు పట్టుకున్నోళ్లు నమ్మకస్థులని వాళ్లను లెక్కనే అడగలే అని రాసి ఉంది. బైబిల్లనే అడగనప్పుడు మీరెవరు అడగనీకి. ఆ కాక లాంటోళ్లు సంఘంల ఉన్నరంటె మీ అదృష్టం, ఆయన కన్నీళ్లు ఊకె పోవు.

పుస్తకాల_పురుగు:
అబ్బో శాపాలు షురువైనయి 😄

పరకాల_మాస్టారు:
@పెద్దోళ్ల_పక్షం తమ్ముడూ 15వ వచనం కరెక్టే చెప్పినవ్, కాని అదే అధ్యాయం జర పైకెల్లి చదువు, అక్కడున్నది అసలు కథ.

యాజకులు కానుకలు తీసుకొని మందిరం బాగు చెయ్యాలని ముందుగాల రాజు చెప్పిండు. యోవాషు ఏలుబడిల 23వ ఏడు వచ్చినా పని కాలే. వాళ్లు తిన్నరని ఎక్కడ రాయలే, పని కాలే అని మాత్రమే ఉన్నది. అప్పుడు రాజు పిలిచి అడిగిండు, ఎందుకు బాగు చెయ్యలే అని. యాజకులు ఇగ మేం పైసలు తీసుకోం అని ఒప్పుకున్నరు, అలగలే, తాళాలు ఎత్తెయ్యలే. ఆ తర్వాత ప్రధానయాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టిండు. పెట్టె నిండినంక ఎవరు లెక్కబెట్టిర్రు? రాజు లేఖకుడు ఒకరు, ప్రధానయాజకుడు ఒకరు. ఇద్దరు. యెహోయాదా అంటె ఆషామాషీ మనిషా, యోవాషును చిన్నప్పుడే రాజును చేసినోడు, అసొంటి మనిషే ఒక్కడు లెక్కబెట్టుకోలే. ఇద్దరు లెక్కబెట్టి సంచులు కట్టి ఇచ్చినంక, వడ్రంగోళ్లకు రాళ్లు కొట్టేటోళ్లకు కూలిచ్చే మేస్త్రీల దగ్గర మల్ల లెక్క అడగలే. 15వ వచనం వాళ్లగురించి. పై ఏర్పాటు సక్కగుంది కాబట్టి కింద అడిగే పని పడలే. మనం పై ఏర్పాటు తీసేసి కింది వచనం ఒక్కటే పట్టుకుంటున్నం.

ఇంకొకటి. పౌలు కన్న నమ్మకస్థుడు ఎవరున్నరు చెప్పండ్రి. యెరూషలేం బీదలకోసం చందా పోగుచేస్తుంటె ఆ పైసలు తాను ఒక్కడే మోసుకపోలే. 2 కొరింథీ 8ల తీతును, ఆయనతోని సంఘాలే ఎన్నుకున్న ఇంకో సహోదరున్ని పంపిండు, ఎందుకంటె ఇంత పెద్ద చందా విషయంల ఎవరు మమ్మల్ని తప్పు పట్టొద్దు, ప్రభువు ముందటనే కాదు మనుషుల ముందట గూడ సక్కగుండాలె అన్నడు. నా దేవునికి తెలుసు చాలు అని ఊకోలే.

మడికొండ_తమ్ముడు:
మాస్టారూ ఇది ప్రింట్ తీసి నోటీస్ బోర్డుకు అంటిస్త 🙏

పరకాల_మాస్టారు:
అంటియ్యకు నాయినా. ఆయనను కొట్టనీకి చెప్పలేదు నేను.

గూడ్స్_డ్రైవర్_కాజీపేట:
నాది రైల్వే. నేను పుట్టి బుద్ధెరిగిన సంది మందు ముట్టలే, మా బాపు సుత ముట్టలే. అయినా డ్యూటీకి పోయినప్పుడల్ల లాబీల సైన్ ఆన్ చేసేముందు బ్రీత్ అనలైజర్ ఊదాలె, బండి దిగినంక మల్ల ఊదాలె. నేను విశ్వాసిని, సంఘంల పాటలు పాడేటోన్ని, నన్నే ఊదమంటర్రా అని మిషన్ ఎత్తేస్తె ఎట్లుంటది? నా ఎనుక ఉన్న వ్యాగన్లకు నా సాక్ష్యం తెల్వది కదా. ఊదుత, సున్నా వస్తది, సంతకం పెట్టి పోత. సర్వీసుల ఉన్నన్ని రోజులు ఊదుడే, అదో అవమానం అని నాకు ఎన్నడు అనిపియ్యలే. కాక గూడ గట్లనే అనుకుంటె అయిపోవు.

పెద్దోళ్ల_పక్షం:
అన్నా రైల్వే జీతం ఇస్తది నీకు. కాకకు సంఘం ఏమిస్తుంది? ఫ్రీగ చేసేటోన్ని పట్టుకొని మిషన్ల ఊదమంటె ఎవనికైన కాలుతది.

గూడ్స్_డ్రైవర్_కాజీపేట:
ఫ్రీగ చేసేటోనికే ఎక్కువ కాలుతది, ఆ మాట నిజమే. ప్రమాదం గూడ అక్కన్నే ఉంది.

జనగాం_చిన్నోడు:
నాకైతె ఇది చదువుతుంటె ఉజ్జియా రాజు యాదికొచ్చిండు. 52 ఏండ్లు ఏలిండు, బురుజులు కట్టిండు, బాయిలు తవ్వించిండు, వ్యవసాయం అంటె పానం ఆయనకు, దేవున్ని వెతికినన్ని రోజులు వర్ధిల్లిండు. 2 దినవృత్తాంతములు 26:16ల ఏముంటది, స్థిరపడినంక మనసుల గర్వపడ్డడు అని. ధూపం వెయ్యనీకి మందిరంల జొర్రిండు, అది యాజకుల పని. 80 మంది యాజకులు ఎదురొచ్చి ఇది నీ పని కాదు రాజా అంటె ధూపపాత్ర చేతుల పట్టుకొనే కోపానికొచ్చిండు. అప్పుడే నొసటన కుష్టు లేసింది. చూసుకోండ్రి, పని మంచిదే, ధూపం దేవునికే, కాని అడిగినోళ్ల మీద కోపం. పోకిరి పనులు చేసేటోనికి గర్వమొచ్చుడు వేరు, మంచిగ పనిచేసినంక వచ్చే గర్వం వేరు, రెండోది కనవడది.

హన్మకొండ_అక్క:
చిన్నోడా ఆగు ఆగు. ఒక ముసలాయన బాధపడి తాళంచెవి ఎత్తేసిండు అంతే, ఆయనను తీసుకపోయి కుష్టు వచ్చిన రాజు పక్కన నిలవెడితె ఎట్ల. మనం ఇక్కడ కూసోని ఎవరెవరికో కుష్టు పంచుతున్నం, ఇది గర్వం కాదా మరి. ఆయన మిల్లు పోయినంక ఎన్ని కష్టాలు పడి నిలవడ్డడో, పైసకు లోటున్న ఇంట్ల సంఘం పైస బీరువాల పెట్టుకొని ముట్టకుండ ఉండుడు అంటె ఏందో జీతాలున్నోళ్లకు తెల్వది. ఆయన దగ్గర మిగిలిన ఆస్తి ఆ పేరొక్కటే, ఆ పేరుమీద చెయ్యి పెట్టినట్టు అనిపించింది ఆయనకు.

జనగాం_చిన్నోడు:
అక్కా అట్ల అనలే, సరే ఉదాహరణ ఎక్కువైంది కావచ్చు. కాని నువ్వన్న ఆఖరి మాటనే నేను చెప్పేది, ఆ పేరు ఆస్తి అయిందంటెనే పట్టుకునుడు షురువైనట్టు. ధర్మశాస్త్రం పక్కాగ పాటించే పరిసయ్యుని ప్రార్థన గుర్తుందా, లూకా 18. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతట్ల పదోవంతు, నేను అన్యాయస్థున్ని కాదు, పన్నులు వసూలుచేసే ఈ సుంకరి లెక్క కాదు అన్నడు. ఆయన అబద్ధం ఆడుతున్నడని యేసు అనలే. ఉపవాసం నిజం, దశమభాగం నిజం, లెక్క పక్కా కరెక్టు. అయినా నీతిమంతుడని తీర్పు పొంది ఇంటికి పోయింది సుంకరి. నాకు చిన్నప్పటి సంది ఆ కథల పరిసయ్యుడు దొంగ అనిపిచ్చేది, ఇప్పుడు చదివితె మన సంఘంల అందరికన్న మంచి మెంబరు ఆయనే అనిపిస్తడు.

ఓరుగల్లు_పోరడు:
మా దగ్గర ఒకాయన ఆఫీసుల పనిచేస్తడు, లంచం ముట్టడు, నిజంగనే ముట్టడు. కాని ఆ సాక్ష్యం నెలకొకసారి చెప్తడు, చెప్పిన ప్రతిసారి తోటి స్టాఫ్ ఇంకింత దుర్మార్గులైతరు, ఈయన ఇంకింత పరిశుద్ధుడైతడు. వాళ్లావిడ ముందు బెంచీల కూసోని వాచీ చూస్తది 😂

నర్సంపేట_చెల్లె:
నేను మహిళా సంఘం తరపున వడ్ల కొనుగోలు సెంటర్ల పనిచేసిన, యాసంగిల ఒక సీజన్ నేను రాసేదాన్ని. బయటోళ్లకు తెల్వదు కాని అక్కడ నిజాయితీ అంటె ఎట్లుంటదో చెప్త. వడ్లల తేమ 17 శాతం దాటొద్దు, దాటితె ఇంకా ఆరబెట్టుమంటం. రైతులేమో మొగులు చూసి ఏడుస్తరు, వాన పడితె కల్లంల గింజ మొలకెత్తుతది. కాంటా మీద 40 కిలోల బస్తాకు, బార్దాన్ (ఖాళీ గోనెసంచి) బరువు అని తాలు అని మిల్లోళ్లు కోత పెడుతరు అని ఎక్కువ తూచుడు అనేది మన దిక్కు ఎప్పుడూ నడిచే పంచాయితే.

మాతోని ఒక అక్క ఉండె, సంఘస్తురాలే, కాంటా కాడ కూసునేది. పొద్దుగాల మొదటి బస్తా ఎక్కకముందే ఒక్కో రైతును పిలిచి ఖాళీ కాంటా సున్నా చూపెట్టేది, తర్వాత తూకంరాయి పెట్టి చూపెట్టేది. ఎవరు అడగకముందే. ఒకరోజు ఒక రైతు మస్తు కోపంల వచ్చి మీరంత దొంగలే నా బస్తాలు మల్ల తూయాలె అన్నడు. హమాలీలు తిట్టిర్రు, ఎండ మండుతుంది, మల్ల తూసుడంటె వాళ్ల నడుం కదా. ఈ అక్క ఒక్కమాట అనలే, లే అన్నా తూద్దాం అని తానే ఒక బస్తా పట్టింది. బరువు అదే వచ్చింది. రైతు ఏమనలే, సారీ సుత అనలే, ట్రాక్టర్ ఎక్కి పోయిండు. నేనైతె నాలుగు మాటలు అందును. దొంగత్రాసు యెహోవాకు హేయము సరియైన గుండు ఆయనకిష్టము అని సామెతలు 11:1 మనం గోడలకు రాసుకుంటం, ఆమె గుండు తీసి రైతు చేతుల పెట్టింది.

మడికొండ_తమ్ముడు:
చెల్లె మీరన్న వచనమే నేను మీటింగైన రాత్రి వాట్సాప్ స్టేటస్ పెట్టిన 😅

హన్మకొండ_అక్క:
ఏందీ!! దొంగత్రాసు వచనం స్టేటస్ పెట్టినవా, కాకకు నీ నంబరు ఉన్నదా లేదా?

మడికొండ_తమ్ముడు:
ఉంది. కాని పేరు పెట్టలే కదా, వాక్యమే పెట్టిన, వాక్యం పెట్టుడు తప్పా?

పుస్తకాల_పురుగు:
పాప్‌కార్న్ తెచ్చుకుంట ఆగండ్రి

ఓరుగల్లు_పోరడు:
తమ్మీ నువ్వు ఆయన గర్వం గురించి థ్రెడ్ పెట్టినవ్, నీ స్టేటస్ గురించి వేరే థ్రెడ్ ఎవరు పెట్టాలె 😄 ఎంతమంది చూసిర్రో లెక్క గూడ చూసుకొనే ఉంటవ్.

పెద్దోళ్ల_పక్షం:
ఇగ తెలిసింది ఆయన ఆదివారం ఎందుకు రాలేదో.

మోడరేటర్:
సంఘాల పేర్లు, పాస్టర్ల పేర్లు, ఫోటోలు వద్దు. ఒకాయన ఫ్లెక్సీ ఫోటో పెట్టిండు, తీసేసిన. చర్చ మంచిగనే నడుస్తుంది, నడవనియ్యండ్రి.

జనగాం_చిన్నోడు:
ఫ్లెక్సీ అంటె ఒకటి చెప్పాలె అన్నా, డిసెంబర్ వస్తుందంటె భయమైతుంది, పశువులపాక బొమ్మ ఇంతంత, దాతల మొఖాలు గింతింత. పుట్టినాయన మూలకు ఉంటడు. సరే ఇది వేరే ముచ్చట.

డోర్నకల్_మనవరాలు:
మా అమ్మమ్మ వాళ్లది డోర్నకల్ దిక్కు. అక్కడి ముచ్చట ఒకటి ఇక్కడికి సరిపోతది అనిపించింది. బిషప్ అజరయ్య గారు తెలుసు కదా, తమిళాయన, తిరునెల్వేలి దిక్కు నుంచి 1909ల మిషనరీగా డోర్నకల్ వచ్చిండు, తెలుగు నేర్సుకొని ఎడ్లబండ్ల మీద మాల మాదిగ వాడలు తిరిగిండు. 1912 డిసెంబర్ 29న కలకత్తాల బిషప్ అయిండు, ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్ ఆయనే. దానికి రెండేండ్ల ముందు 1910ల ఎడింబరోల ప్రపంచ మిషనరీల సభ జరిగితె అక్కడ మాట్లాడిండు. తెల్ల మిషనరీల ముందు నిలవడి ఆయన అన్న దాని సారం ఏందంటె, మీరు మీ ఆస్తులు బీదలకు ఇచ్చిర్రు, మీ శరీరాలు సుత అప్పగించిర్రు, మేం అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇయ్యండ్రి అని. సభల కొందరికి అది మింగుడు పడలే.

నేను ఎందుకు చెప్తున్ననంటె, ఆ మిషనరీలు దొంగలు కాదు, చెడ్డోళ్లు కాదు, దేశం ఇడిసి వచ్చి మలేరియాతోని చచ్చిపోయినోళ్లు ఉన్నరు. త్యాగం నిజం. కాని ఇచ్చేటోడు ఎప్పుడు పైన కూసుంటడు, తీసుకునేటోడు కింద నిలవడుతడు, ఆ కుర్చీ దిగుడు త్యాగం కన్న కష్టం వాళ్లకు. కాక విషయంల నాకు గదే కనవడ్డది. ఆయన సంఘానికి అన్ని ఇచ్చిండు, పక్కన కూసోని లెక్కబెట్టే ఇంకో మనిషిని ఒప్పుకునుడు ఒక్కటి ఇయ్యలేకపోయిండు.

మా అమ్మమ్మ వాళ్లు పిడికెడు బియ్యం తీసేది, పొయ్యి మీద ఎసరు పెట్టినంక బియ్యంలకెల్లి ఒక పిడికెడు వేరే కుండల ఏసి ఆదివారం తీసుకపోయేది. కూలికి పోయేటోళ్లు, పైస చేతుల ఉండకపోయేది, బియ్యమే కానుక. అసొంటి పిడికెళ్ల నుంచి వచ్చిన సంఘం పైస ఇది. దానికి లెక్క ఉండాలె అంటె కాకమీద అనుమానం కాదు, ఆ పిడికెడు ఇచ్చినామె మీద మర్యాద.

పరకాల_మాస్టారు:
తల్లీ మంచిగ చెప్పినవ్.

లెక్కల_మనిషి:
నేను ఆడిటింగ్ ఫీల్డ్, వాక్యం తక్కువ తెలుసు, చట్టం జర తెలుసు. పర్సనల్ ఫోన్‌పే నంబరుకు చందాలు వేయించుడు మొదలు ఆపండ్రి, అది కాకకే డేంజర్. ఆ పైసలన్ని ఆయన సొంత ఖాతాల జమ అయినట్టు కనిపిస్తయి, రేపు ఇన్‌కంటాక్స్ నుంచి నోటీసొస్తె సంఘం రాదు, ఆయనే సంజాయిషీ చెప్పుకోవాలె. ఇంకా పచ్చిగ చెప్తె, ఆయనకు రాత్రి ఏమన్న అయితె ఆ బ్యాలెన్సు చట్టప్రకారం వారసులకు పోతది, కొడుకులు మంచోళ్లైన కోడలు తరపోళ్లు మంచోళ్లైన బ్యాంకోడు మాత్రం సంఘం అంటె ఏందో తెల్వది అంటడు. సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంటె దాని పేరుమీద ఖాతా, ఇద్దరి సంతకం, ఆ ఖాతాకే క్యూఆర్ కోడ్. రశీదు బుక్కుకు వరుస నంబర్లు ఉండాలె. టాక్స్ మినహాయింపు గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చినా 2000 రూపాయలు దాటి క్యాష్ ఇస్తె టాక్స్ మినహాయింపు రాదు, 2017 నుంచి ఉన్న రూలు ఇది, పెద్ద చందాలిచ్చేటోళ్లకు చెప్పుండ్రి. లెక్క మంచి మనిషిని కాపాడనీకే, దొంగకు లెక్కలతోని ఏం పని, వానికి లెక్క లేకుంటెనే సుఖం.

పుస్తకాల_పురుగు:
యేసు శిష్యుడు ఇస్కరియోతు యూదా పైసల సంచి మోసిండు అని యోహాను 12:6ల ఉంది, దాంట్ల వేసింది దొంగిలించేటోడు అని గూడ ఉంది. ఆఖరి రాత్రి బల్ల మీదికెల్లి లేసిపోతె మిగతా శిష్యులు ఏమనుకున్నరు, పండుగకు ఏమన్న కొననీకో బీదలకు ఇయ్యనీకో పోయిండని. మూడేండ్లు పక్కన తిన్నోళ్లకే తెల్వలే. మొఖం చూసి నమ్మకస్థుడు ఎవరో మనం చెప్పగలమా?

పెద్దోళ్ల_పక్షం:
అంటె ఇప్పుడు కాక యూదానా??

పుస్తకాల_పురుగు:
అయ్యో రామా, కాదన్నా. కాక మంచోడని మీరు ఎట్ల నమ్ముతున్నరో యూదా మంచోడని పేతురు గట్లనే నమ్మిండు అంటున్న. కాక మంచోడని రుజువు చెయ్యాలంటె బుక్కు తెరవాలె, ఇంకో దారి లేదు. దానియేలుకు గట్లనే కదా అయింది, 120 మంది అధిపతుల మీద ముగ్గురు ప్రధానులు, వాళ్లల్ల ఒకడు ఈయన, రాజుకు నష్టం రావొద్దని లెక్కలు చూసే పనే అది. పగోళ్లు తప్పు పట్టనీకి రాజ్యం పనులన్ని గెలికి గెలికి చూసి ఏం దొరకలే అన్నరు. దానియేలు నిజాయితీకి సర్టిఫికెట్ ఇచ్చింది పగోళ్లే.

హన్మకొండ_అక్క:
అయ్యో రామా అని దానియేలు కథ చెప్పేది మన తెలంగాణల్నే చూస్తం 😂

పరకాల_మాస్టారు:
మడికొండ తమ్మీ, ఒక సలహా. సమూయేలు ముసలితనంల ఏం చేసిండో 1 సమూయేలు 12ల చూడు. ఆయన కొడుకులు లంచాలు తిన్నరు, 8వ అధ్యాయంల పెద్దలు వచ్చి మొఖం మీదనే చెప్పిర్రు. మాకు రాజును పెట్టు అని వాళ్లు అడిగిన మాట ఆయనకు నచ్చలేదని రాసి ఉంది. కోపం రావొద్దు అనలే వాక్యం. కాని తర్వాత జనం అందరి ముందట నిలవడి తానే అడిగిండు, నేను ఎవరి ఎద్దు పట్టుకున్న, ఎవరి గాడిద పట్టుకున్న, ఎవరి దగ్గర లంచం తీసుకున్న చెప్పుండ్రి ఇచ్చేస్త అని. ఎవరో అడిగితె చెప్పుడు వేరు, తానే నిలవడి అడుగుండ్రి అనుడు వేరు. కాకకు ఆ చాన్సు మీరు ఇయ్యలే, మీరే ముందు అడిగేసిర్రు. ఇప్పుడు పోయి ఆయననే అడగండ్రి, కాకా కొత్త పద్ధతి నువ్వే పెట్టు, బోర్డు మీద మొదటి లెక్క నీ చేతితోనే రాయి అని. కాళ్లు పట్టుకునుడు, క్షమాపణ, గవన్ని తర్వాత. స్టేటస్ మాత్రం తీసెయ్యి.

మడికొండ_తమ్ముడు:
స్టేటస్ 24 గంటలకు అదే పోయింది మాస్టారూ.

మడికొండ_తమ్ముడు:
అందరికి అప్‌డేట్. నిన్న సాయంత్రం దుకాణానికి పోయినం. మొదలు అరగంట మాట్లాడలే, గిరాకీ చూసుకుంటనే ఉన్నడు, మేం బయట బెంచి మీద కూసున్నం. తర్వాత లోపటికెల్లి రెండు పద్దు పుస్తకాలు, ఒక పాలిథిన్ కవర్ల బిల్లులు తెచ్చి మా ఒడిల ఏసిండు, చూస్కోండ్రి అన్నడు. మాతోని ఒకడు బీకాం, వాడు కూసోని ఫోన్‌పే స్టేట్‌మెంట్ పెట్టుకొని కూడిండు.

తేడా వచ్చింది. కాని ఉల్టా. వచ్చిన చందా కన్న ఖర్చు ఎక్కువుంది, బిల్లులు అన్ని ఒరిజినలే, అప్పు ఎక్కడ లేదు. మరి పైసలు ఎక్కడియి కాకా అంటె చెప్పడు. కాక భార్య, మా కాకమ్మ, లోపటికెల్లి అరిచింది, ఇంకెక్కడియి, చిట్టి ఎత్తిన పైసలు పోసిండు, మనవరాలి ఫీజు కట్టాల్సినయి, అడిగితె నా మీద ఎగురుతడు అని. ఆయన ఆమె మీద గయ్యిమన్నడు. బోర్డు అంటె ఎందుకు లేసిపోయిండో అప్పుడు సమజైంది, బోర్డు మీద రాస్తె ఇది బయటపడుతది.

నాకేం మాట్లాడాల్నో తెల్వలే.

ఓరుగల్లు_పోరడు:
అబ్బా. మత్తయి 6:3, కుడిచెయ్యి చేసేది ఎడమచెయ్యికి తెల్వొద్దు. ఇగ గర్వం ఎక్కడుంది ఇందుల, ఆయన దాచింది మంచినే కదా. థ్రెడ్ క్లోజ్.

డోర్నకల్_మనవరాలు:
క్లోజ్ ఎట్లయితది. కుడిచెయ్యి ఇచ్చింది బానే ఉంది, ఇచ్చింది ఎవరి ఫీజు? కాకమ్మను అడిగిండా? గుప్తదానం అంటె తనది తాను ఇచ్చుడు.

పెద్దోళ్ల_పక్షం:
మీకు మనిషి ఎట్ల చేసినా తప్పే. తింటె దొంగ, పెడితె గర్విష్ఠి.

జనగాం_చిన్నోడు:
@పెద్దోళ్ల_పక్షం అన్నా ఈసారి నీ మాటకు జవాబు నా దగ్గర సుత లేదు. ఆయన ఇచ్చింది ఇచ్చిండు, దానికి దండం. కాని సంఘానికి పైసలు తక్కువ పడ్డయి అని ఎవరికి తెల్వకుండ పోయింది చూడు, తెలిస్తె తలా ఇంత ఏసుకునేటోళ్లం కదా. ఒక్కడే మోసుడు ఒక్కోసారి ప్రేమ, ఒక్కోసారి నేను లేకుంటె ఇది నడవదు అనుకునుడు. రెండు ఒకే మనిషిల ఉంటయి, ఒకే సిమెంటు బస్తాల ఉంటయి.

లెక్కల_మనిషి:
గుప్తదానానికి లెక్కల ఇబ్బంది ఏం లేదు. పేరు రాయకుండ "ఒక విశ్వాసి" అని రశీదు కొట్టి జమ చెయ్యండ్రి, కమిటీల ఇద్దరికి తెలిస్తె చాలు. ఒకవేళ అది కానుక కాదు, చేబదులు అనుకుంటె అప్పు కింద రాసి తిరిగిచ్చెయ్యండ్రి. ఏదో ఒకటి ఆయననే తేల్చుమనుండ్రి, మీరు తేల్చొద్దు. రాయకుండ మాత్రం వదలొద్దు, వచ్చినదానికన్న ఖర్చు ఎక్కువున్న బుక్కు ఏ ఆడిటరైనా పట్టుకుంటడు.

హన్మకొండ_అక్క:
ముందు ఆ పిల్ల ఫీజు సంగతి చూడుండ్రి. డెడ్‌లైన్ ఎప్పుడంట?

మడికొండ_తమ్ముడు:
ఈ నెలాఖరు అక్కా. యూత్ల మాట్లాడుతున్నం, చేబదులు కిందనే రాసి ముందు ఫీజంత ఇచ్చేద్దామని. కాక ఒప్పుకోలే ఇంకా, కాకమ్మ ఒప్పుకుంది 😄. అయ్యగారు లెక్కబెట్టనీకి ఇద్దరిని పెడదాం అన్నడు, స్త్రీల సమాజం నుంచి ఒకరు, కాక ఒకరు. తాళంచెవి ఇంకా అయ్యగారి దగ్గరే ఉంది, కాక తీసుకోలే, ఆరాధనకైతె వస్త అన్నడు. బోర్డు మీద రాయనీకి చాక్‌పీసు కాదు మార్కర్ తెమ్మన్నడు, చాక్‌పీసు ఎవరన్న తుడిపి మార్చొచ్చంట. మార్కర్ గూడ తుడవచ్చు కాకా అంటె కొరకొర చూసిండు.

లెక్కల_మనిషి అన్నా, సొసైటీ పేరుమీద ఖాతాకు బ్యాంకుకు ఏమేం తీసుకపోవాలె?

లెక్కల_మనిషి:
రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్ (సొసైటీ నియమాలు) కాపీ, సొసైటీ పాన్ కార్డు, ఖాతా తెరువనీకి ఎవరెవరు సంతకం పెట్టాల్నో కమిటీ తీర్మానం, సంతకం పెట్టేటోళ్ల ఆధార్, పాన్, ఫోటోలు. తీర్మానం మీద ఎవరెవరి సంతకాలు ఉండాల్నో బ్యాంకుల అడుగుండ్రి. సొసైటీకి పాన్ లేకుంటె ముందు దానికి అప్లై చెయ్యి, అది వచ్చేదాక స్లాబ్ ఆపుండ్రి.

మడికొండ_తమ్ముడు:
స్లాబ్ ఆపుడంటె మేస్త్రీ తిడుతడు 😭 సరే పాన్ ఉందో లేదో రేపు కాకనే అడుగుత.

లెక్కల_మనిషి:
ఈసారి దుకాణంల అడుగు, మీటింగుల కాదు.